గేరి చరిత్ర పాఠాలు - 11: సాధన ఎవరి సొత్తు?



పోయిన వారం క్లాసు అయిపోయాక డిగ్రీ రెండో సంవత్సరం పిల్లోడు ఒకడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "సార్, డప్పు నేర్చుకుందామని మూడుసార్లు మొదలుపెట్టినా. పదైదు రోజులు బాగా కొడతా. ఒకరోజు తప్పిపోతాది. ఇంక దాని జోలికి పోబుద్ధి కాదు. మా తాతలంతా కొట్టినోళ్ళే గదా సార్, నాకెందుకు నిలకడ లేదు?" అని అడిగాడు.

మాస్టరును కదా, జవాబు వెంటనే చెప్పేశాను. "రోజూ అరగంట కూర్చో. క్రమశిక్షణ ఉంటే అదే వస్తుంది." వాడు తలూపి వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళాక నాకే సిగ్గేసింది. నంద్యాలలో నా అద్దె గదిలో గోడకు ఒక తప్పెట వేలాడుతోంది. దాన్ని కిందికి దించి అప్పటికి ఐదు నెలలయింది. నాలుగేళ్ళలో నేను కూడా మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు మానేసిన వాణ్ణే. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేయడానికి ఆరేళ్ళు రోజూ కూర్చున్నవాణ్ణి, తప్పెట ముందు ఇరవై రోజులు కూర్చోలేకపోయాను. మరి నాకు క్రమశిక్షణ లేదందామా?

ఆ పిల్లోడికి నేను చెప్పింది తప్పు జవాబు. అసలు జవాబు క్రమశిక్షణలో లేదు, మన గేరి చరిత్రలో ఉంది. ఈ వారం పాఠం అదే.

మాది రుద్రవరం. ఆళ్ళగడ్డ నుంచి బస్సులో పోతుంటే తూర్పున నల్లమల కొండలు దగ్గరవుతూ వస్తాయి. అహోబిలం స్వామి సంక్రాంతికి పారువేటకని బయల్దేరి నలభై రోజులకు పైగా పల్లకీలో తిరిగే ప్రాంతం ఇది. మిగతా చోట్ల డప్పు అనేదాన్ని మా దగ్గర తప్పెట అంటారు, పలక అని కూడా అంటారు. మా జేజినాయన తప్పెట కొట్టేవాడు. ఆయన పెద్ద కొడుకు మా నాయన, చిన్న కొడుకు మా చిన్నాయన, ఇద్దరూ కొట్టారు. నేను కొట్టలేదు. మా గేరిలో నా వయసు వాళ్ళలో కొట్టడం తెలిసిన వాళ్ళను ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టొచ్చు.

మా చిన్నాయనను ఒకసారి అడిగాను, "నువ్వు రోజుకెంతసేపు సాధన చేసేవాడివి చిన్నాయనా?" అని. ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. "సాధనేందిరా? పనొచ్చినప్పుడు పోయి కొట్టడమే" అన్నాడు. ఇంకా అడిగితే ఒక్కొక్కటీ చెప్పాడు. ఆరేడేళ్ళ వయసులో రేకు డబ్బా మీద కంపపుల్లలతో కొట్టడం. పెద్దవాళ్ళు తప్పెటలు మంట దగ్గర కాచేటప్పుడు పక్కన కూర్చుని, చర్మం బిగిసే కొద్దీ మారే మోతను వినడం. దెబ్బలకు నోటితో లెక్క కట్టడం. పదేళ్ళకు వరసలో చివరన నిలబడి ఒకే ఒక్క దెబ్బ పట్టుకోవడం, తప్పితే పక్కవాడి మోచేతి పోటు తినడం. పీర్ల పండగకు అలావి చుట్టూ రాత్రంతా కొట్టడం, దేవరకు పగలూ రాత్రీ కొట్టడం. ఊళ్ళో ఎవరు చచ్చినా, ఎండైనా వానైనా, జొరమొచ్చినా సరే, పోయి కొట్టడం.

ఇదంతా సాధన కాకపోతే మరేమిటి? వేల గంటలుంటుంది. కానీ ఆ మాటను మన చేతులకు ఎవరూ వాడలేదు. తంబురా ముందు కూర్చుని తెల్లవారుజామున సరళి వరసలు పాడితే సాధన. శవం ముందు మైళ్ళకొద్దీ నడుస్తూ తాళం తప్పకుండా కొడితే కులవృత్తి. మొదటిది మనిషి సాధించుకున్నది, రెండోది వాడికి పుట్టుకతో అంటిందని లెక్క. పుట్టుకతో వచ్చేదైతే ఆ రేకు డబ్బా ఎందుకు, మోచేతి పోటు ఎందుకు?

సాహిత్యం చదివినవాడిగా ఒక మాట. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని వర్ణిస్తూ ఎన్నెన్నో ఆటలనూ పాటలనూ వాద్యాలనూ పేరుపేరునా చెప్పుకుంటూ పోతాడు. మన నల్లమల కొండల మీదే, ఏడు వందల ఏళ్ళ కిందటే, అంత వాద్య సంపద ఉంది. దాన్ని మోసిన చేతులకు వారం వారం పాఠాలు చెప్పిన గురుకులం ఏదీ లేదు. ఆ చేతులు ఎట్లా నేర్చుకున్నాయో రాసిపెట్టిన వాళ్ళూ లేరు.

ఇప్పుడు చట్టం వైపు చూద్దాం. చరిత్ర పాఠంలో చట్టం చదవకపోతే మనకు సగమే తెలుస్తుంది.

మన కర్నూలు జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1895లో మద్రాసు ప్రభుత్వం గ్రామోద్యోగాల వారసత్వ చట్టం చేసింది. మునసబు, కరణం మొదలుకొని తలారి దాకా ఊరి ఉద్యోగాల జాబితా ఒకటి అందులో ఉంది. ఆ జాబితాలో 'వెట్టి' అనేది ఒక ఉద్యోగం పేరు! కూలి లేని చాకిరీకి మనం వాడే మాటే సర్కారు కాగితం మీద హోదాగా ఎక్కింది. తండ్రి తర్వాత కొడుక్కి వచ్చేది. కరణం కొడుక్కి కలం, వెట్టివాడి కొడుక్కి చాటింపు.

1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ తీయండి. 21వ ఆర్డరు, 54వ రూలు. స్థిరాస్తి జప్తు చేస్తే ఆ ఆస్తి దగ్గర డోలు కొట్టి గానీ, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఇంకో విధంగా గానీ చాటించాలని ఉంటుంది. ఆ డోలు ఎవరు కొట్టాలో రూలు చెప్పదు. చెప్పాల్సిన పని లేదు, ఊళ్ళో అందరికీ తెలుసు. డప్పు మోత చట్టానికి కావాలి, ఆ డప్పు పట్టుకున్న మనిషి పేరు మాత్రం చట్టానికి అక్కర్లేదు.

గ్రామోద్యోగాల్లో వారసత్వానికి మొగ్గు చూపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు గాజుల దశరథ రామారావు కేసులో 1960 డిసెంబరులో చెప్పింది. పుట్టుకను బట్టి ఉద్యోగం ఇవ్వడం 16వ అధికరణకు వ్యతిరేకం అంది. ఆ కేసు మునసబు ఉద్యోగం గురించి నడిచింది. మునసబు పదవి మీద అంత పోరాటం జరిగింది గానీ, వెట్టివాడి కొడుకు చేతికి తప్పెట రాకుండా చూడమని ఎవరు కోర్టుకు పోతారు? ఆ కేసును మన నాయనలు కోర్టుల్లో కాదు, ఊళ్ళో గెలుచుకున్నారు. తప్పెట దించి గెలుచుకున్నారు.

దించడం అనే మాటను తేలిగ్గా తీసుకోకండి. దానికీ పెద్ద చరిత్ర ఉంది. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో మనవాళ్ళు పంచములమన్న పేరును తోసేసి ఆది ఆంధ్రులమన్నారు. పేరు మార్చుకున్నవాళ్ళు పని కూడా మారాలని అడుగుతారు. 1928లో బాబాసాహెబ్ బొంబాయి కౌన్సిల్లో మహర్ వతన్ బిల్లు పెట్టారు. ఊరి చాకిరీకి ముడిపడిన ఆ కాస్త భూమి మహర్లను ఊరికి కట్టేసిన పలుపుతాడు అని ఆయన గుర్తించారు. తమిళనాడులో చావులకు పరై కొట్టమని మనవాళ్ళు ఎన్నో ఊళ్ళలో తెగేసి చెప్పారు, దెబ్బలు తిన్నారు. ఆ పరై పేరు నుంచే ఒక కులం పేరు, ఆ కులం పేరు నుంచే ఇంగ్లీషులో వెలివేయబడ్డవాడు అనే అర్థంలో 'పరయా' అనే మాట పుట్టాయి. ఒక వాద్యం పేరు ప్రపంచమంతటా తిట్టుగా తిరుగుతుంటే దాన్ని కింద పెట్టడం తప్పా?

మా నాయన తప్పెట దించింది తొంభైలలో. కొట్లాట ఏమీ జరగలేదు. ఒక చావుకు పిలుపు వస్తే "మా పిల్లోడు బడికి పోతాండాడు, మేం ఇంక రాము" అన్నాడంతే. తర్వాత కొన్నాళ్ళు ఇంటికి పనులు రాలేదు. మా అమ్మ మిరప తోటలకు కూలికి పోయింది. జేజినాయన తప్పెటను నాయన అటక మీద పెట్టాడు. ఎలుకలు చర్మం కొట్టేశాయి. చుట్టు మాత్రం మిగిలింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది, దాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మందకృష్ణ నాయకత్వాన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దండోరా అన్నారు దాన్ని. ఏ చాటింపు మన చేత చేయించారో దాన్నే మన ఉద్యమానికి పేరు పెట్టుకున్నాం. చావుకు తప్పెట కొట్టనన్న మా నాయన, దండోరా సభకు అరువు తప్పెట తీసుకుని లారీ ఎక్కి పోయాడు. ఒకే మనిషి, ఒకే చెయ్యి. పెద్దిళ్ళ ముందు దించింది, సభలో ఎత్తింది. వర్గీకరణ మీద మనలో మనకు వాదనలు ఉన్నాయి, అవి మరో పాఠంలో మాట్లాడుకుందాం. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. 1994లో మొదలైన మోత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల తీర్పు దాకా ముప్పై ఏళ్ళు ఆగలేదు. నిలకడ లేని జాతి అని మనల్ని ఎవరైనా అంటే ఈ రెండు తేదీలు చూపించండి.

అయితే పిల్లోడి ప్రశ్న మిగిలే ఉంది. జాతికి నిలకడ ఉంది, మరి నాకెందుకు లేదు?

సంగీత సాధన మీద ప్రపంచమంతా చెప్పుకునే పరిశోధన ఒకటుంది. 1993లో ఎరిక్సన్, మరో ఇద్దరు బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునే విద్యార్థులను పరిశీలించి రాసింది. పదివేల గంటలు చేస్తే ఎవరైనా గొప్పవాళ్ళవుతారని జనంలో తిరిగే మాటకు మూలం అదే, కానీ ఆ పరిశోధకులు అంత అడ్డగోలుగా చెప్పలేదు. సాధనకు మూడు అడ్డంకులున్నాయన్నారు. ఒకటి వనరులు: సమయం, గురువు, వాద్యం, నేర్చుకునే చోటు. రెండు శ్రమ: మనిషి రోజుకు ఇంతకు మించి ఏకాగ్రతతో చేయలేడు, విశ్రాంతి కావాలి. వాళ్ళు చూసిన మేటి విద్యార్థులు మధ్యాహ్నం పూట నిద్ర కూడా బాగానే పోయేవాళ్ళట. మూడు ప్రేరణ: తప్పులు దిద్దుకుంటూ చేసే సాధన దానంతట అది సరదా పని కాదు, కాబట్టి మనిషిని అందులో నిలిపేది ఇంకేదో ఉండాలి.

ఈ మూడింటినీ మా చిన్నాయన బాల్యానికి పెట్టి చూడండి. గురువు ఇంట్లోనే ఉన్నాడు. వాద్యం ఇంట్లోనే తయారైంది. చోటు గేరి. ఇక నిలిపేది ఏది? ఊరి బలవంతం. పోకపోతే గింజలు రావు, దెబ్బలు పడొచ్చు. ఆ బలవంతమే ఆయన చేతికి వేల గంటలు నేర్పింది. మా నాయన ఆ బలవంతాన్ని తెంచాడు. తెంచడం నూటికి నూరుపాళ్ళు న్యాయం. కానీ బలవంతంతో పాటు దాన్ని అంటిపెట్టుకున్నవి కూడా పోయాయి: వరుసలో నిలబెట్టి నేర్పే పెద్దవాడు, పక్కవాడి మోచెయ్యి, తప్పకుండా వచ్చే పండగ, వినే జనం. నా చేతికి మిగిలింది అద్దె గది, ఒక గోడ, ఒక తప్పెట, పక్కింటివాళ్ళు ఏమంటారోనన్న భయం. మూడువైపులా గోడ లేని ఇంట్లో నాలుగో గోడకు సున్నం సరిగ్గా వేయలేదని నన్ను నేను తిట్టుకుంటున్నాను.

కాబట్టి ఆ పిల్లోడికి చెప్పాల్సింది ఇది. నాయనా, నీకు నిలకడ లేక కాదు. నీ తాతను నిలబెట్టిన ఏర్పాటు సంకెల. ఆ సంకెల తెగింది, దాని చోట ఇంకో ఏర్పాటు రాలేదు. దాన్ని స్వేచ్ఛగా మనమే కట్టుకోవాలి.

అవార్డులు ఆ ఏర్పాటు కావు. దర్శనం మొగులయ్యను చూడండి. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలకుంట ఆయనది. దక్కలి కులస్తుడు, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్న ఫొటోలు పేపర్లలో చూశాం. కూలికి పోయిన రోజు కిన్నెర ముట్టుకోవడానికి చేతుల్లో ఏం మిగులుతుంది? ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. దక్కలి వాళ్ళు మన గేరికి వచ్చి జాంబపురాణం చెప్పి అడుక్కునేవాళ్ళు. మనమే వాళ్ళను దూరం నిలబెట్టాం. మనల్ని ఊరు ఎట్లా చూసిందో వాళ్ళను మనం అట్లా చూశాం. మన డప్పు గురించి గర్వంగా మాట్లాడే ముందు ఆ లెక్క కూడా తేల్చుకోవాలి.

ప్రభుత్వం ఇప్పుడు డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. మంచిదే, మా చిన్నాయన మందులకు అదే ఆధారం. కానీ అది చెయ్యి అలసిపోయాక ఇచ్చేది. నేర్చుకునే పద్దెనిమిదేళ్ళ పిల్లకూ పిల్లోడికీ, నేర్పే పెద్దాయనకూ ఏముంది? ఉద్యమాలు అడగాల్సింది అది.

మరి అంతదాకా ఏం చేద్దాం? రెండు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది బాబాసాహెబ్ వయొలిన్. ఆయన జీవితపు చివరి సంవత్సరాల్లో వయొలిన్ నేర్చుకున్నారు. ఆ వయొలిన్ పుణేలో సింబయాసిస్ వాళ్ళ అంబేడ్కర్ మ్యూజియంలో ఉంది. రాజ్యాంగం, హిందూ కోడ్ బిల్లు, పార్టీ పనులు, రాతలు, చక్కెర జబ్బు, కాళ్ళ నొప్పులు, వీటన్నిటి మధ్య పెద్ద వయసులో ఒక కొత్త వాద్యం! కచేరీ ఇవ్వడానికి కాదు, ఎవరి ముందూ నిరూపించుకోవడానికి కాదు. మనల్ని చదువుకోమన్న మనిషి, చదువు అయిపోయిందని ఎప్పుడూ అనుకోలేదు. ముప్పై దాటాక వేళ్ళు వంగవని నాకు నేను చెప్పుకునే సాకు ఆ వయొలిన్ ముందు నిలబడదు.

రెండోది బీహార్. పాట్నా పక్కన దానాపూర్ దగ్గర ధిబ్రా అనే ఊళ్ళో పొలం కూలికి పోయే దళిత ఆడవాళ్ళు నారీ గుంజన్ సర్గమ్ మహిళా బ్యాండు పెట్టుకున్నారు. సుధా వర్గీస్ తోడు నిలిచారు. డ్రమ్ములు ఆడవాళ్ళేమిటని ఊరు నవ్వింది. ఇంటి పనీ కూలి పనీ చూసుకుంటూనే కలిసి నేర్చుకున్నారు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు డబ్బు మాట్లాడుకుని పోతారు. వాళ్ళను నిలబెట్టింది ఒక్కొక్కరి పట్టుదల మాత్రమే కాదు. నువ్వు రాకపోతే నీ కోసం ఎదురుచూసే మనుషులు ఉండటం, వాయించడానికి ఒక తేదీ ఉండటం, దానికి కూలి ఉండటం, వద్దంటే మానేసే హక్కు ఉండటం. మా చిన్నాయనకు ఇందులో మొదటి రెండూ దండిగా ఉండేవి, కూలి అరకొరగా ఉండేది. చివరిది మాత్రం అసలు లేదు.

ఇంతకీ నా సంగతి. రెండు నెలలుగా నేను గదిలో ఒంటరిగా కొట్టడం మానేశాను. ఆదివారం పొద్దున బస్సెక్కి రుద్రవరం పోతున్నాను. గేరి వేపచెట్టు కింద చిన్నాయన, నేను, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లోళ్ళు, బీఈడీ చేస్తున్న ఒక చెల్లెలు. ఐదుగురం. చిన్నాయన చేతులు ఇప్పుడు వణుకుతాయి. ఎక్కువసేపు కొట్టలేడు, నోటితో చెప్తాడు. ఆయనకు తెలిసిన దెబ్బలు పన్నెండో పదమూడో ఉన్నాయి, మాకు ఇప్పటికి మూడు వచ్చాయి. మిగతావి ఫోన్లో రికార్డు చేస్తున్నాం, ఎందుకో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. వారం మధ్యలో ఎవరింట్లో వాళ్ళు పదిహేను నిమిషాలు చెక్కపలక మీద చేతులు ఆడిస్తాం. ఒకరోజు తప్పితే తప్పింది, ఆదివారం ఉందిగా. చిన్నాయనకు తలా కొంత వేసుకుని ఫీజు ఇస్తున్నాం. మొదట తీసుకోనన్నాడు. "కాలేజీలో నాకు జీతం ఇస్తారు గదా చిన్నాయనా, నీకెందుకు ఇవ్వకూడదు?" అంటే అప్పుడు తీసుకున్నాడు. ఏప్రిల్ 14న గేరిలో విగ్రహం దగ్గర కొట్టాలని తేదీ పెట్టుకున్నాం.

మా నాయన మొదటి ఆదివారం నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర మాత్రం "నేను ఎందుకు దించినానో మర్చిపోయినావా?" అని అడిగాడు. మర్చిపోలేదన్నాను. "నువ్వు దించినావు కాబట్టే నాయనా నేను ఇష్టముంటే ఎత్తుకోగలుగుతాండా. ఇష్టం లేకుంటే మానేయగలుగుతా. ఎవడూ నన్ను పిలిచి కొట్టించలేడు." ఆయన దానికి ఏమీ అనలేదు. పోయిన ఆదివారం మేము కొడుతుంటే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఊరకే చూశాడు. చివరికి ఆ చెల్లెలితో "ఎడం చెయ్యి వదులు చెయ్యమ్మా, అది తాళం పట్టుకునే చెయ్యి, బిగిస్తే నిలవదు" అన్నాడు. తప్పెట మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోమని నేను అడగలేదు, అడగను కూడా. ముట్టుకోకపోవడం ఆయన గెలుచుకున్న హక్కు.

స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడిన ఆ పిల్లోణ్ణి రేపు క్లాసులో పిలిచి నా జవాబు దిద్దుకుంటాను. ఆదివారం రుద్రవరం రమ్మంటాను. రాలేకపోతే వాళ్ళ ఊళ్ళోనే ఒక ముసలాయన్ను, ఇద్దరు జతగాళ్ళను వెతుక్కోమంటాను. మీలో కూడా మూడుసార్లు మానేసినవాళ్ళు ఉంటారు. నాలుగోసారి ఒంటరిగా మొదలుపెట్టకండి.

వచ్చే వారం: మన గుమ్మం ముందు మనం నిలబెట్టిన వాళ్ళు, దక్కలి చరిత్ర.

జై భీమ్.